గోడ మీద 768 చుక్కలు: ఒక చేనేత సంఘానికి చేసిన 94 సెకన్ల వీడియో

పని చిన్నదే. హైదరాబాద్ శివార్లలోని ఒక చేనేత సహకార సంఘం వార్షికోత్సవం. సభ మొదలవ్వడానికి ముందు వేదిక వెనక ఎల్ఈడీ గోడ మీద వేయడానికి 94 సెకన్ల మోషన్ గ్రాఫిక్స్ వీడియో కావాలన్నారు. వ్యాఖ్యానం లేదు. మగ్గం చప్పుడు, దాని మీద కొంచెం సంగీతం, తెర మీద తెలుగు అక్షరాలు. అదే వీడియో తర్వాత యూట్యూబ్‌లో పెట్టాలి, అందులోంచి ఒక ముక్క వాట్సాప్ స్టేటస్‌లకు ఇవ్వాలి. గడువు మూడు వారాలు. కృష్ణానగర్‌లో మాది రెండు గదుల స్టూడియో. నేను, నాతో పనిచేసే తమ్ముడు, సౌండ్ చూసే ఒక స్నేహితుడు, రెండు కంప్యూటర్లు. అంతే.

పని బాగానే వచ్చింది, డబ్బులూ వచ్చాయి. కానీ మధ్యలో ఒక వారం పని చెత్తబుట్టలో పడింది, రెండు రాత్రుల రెండర్ (కంప్యూటర్ ఒక్కో ఫ్రేమునూ తయారుచేసే పని) పోయింది. వీటిలో చాలా భాగానికి కారణం ఒకటే: గోడ సైజు ఎంత అని నేను తొమ్మిదో రోజున అడిగాను. విస్తరాకు ఎంతుందో చూడకుండా వంట మొదలుపెట్టినట్టయింది. ఆ లెక్కలన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఫంక్షన్లకు వీడియోలు చేసే వాళ్లకు ఏదో ఒకటి పనికొస్తుంది.

బంగారు అక్షరాలు, తర్వాత గ్రాఫ్ కాగితం

మొదటి మీటింగ్‌లో సంఘం వాళ్లు అడిగింది అందరూ అడిగేదే. "గ్రాండ్‌గా ఉండాలి సర్." మన ఊళ్లో గ్రాండ్ అంటే బంగారు అక్షరాలు, వెనకాల నిప్పురవ్వలు, చివర్లో ఒక పేలుడు. నేనూ కాదనలేదు. మూడు రోజుల్లో నీలి రంగు చీకట్లోంచి బంగారు దారాలు ఎగిరొచ్చి చీరగా మారే స్టోరీబోర్డు గీసి పంపాను. వాళ్లకు నచ్చింది. ఇలాంటివి నేను పది చేసి ఉంటాను, నిద్రలో కూడా చేయగలను. చిక్కు అక్కడే ఉంది.

నాలుగో రోజు మగ్గం చప్పుడు రికార్డు చేయడానికి పోచంపల్లి వెళ్లాం. ఎల్బీ నగర్ దాటి విజయవాడ హైవే మీద కొంత దూరం పోయి ఎడమకు తిరగాలి. సంఘం వాళ్లు చెప్పిన పెద్దాయన ఇంట్లో గుంట మగ్గం ఉంది. మేం మైకులు పెట్టుకుంటుండగా మా తమ్ముడు గోడకు గుచ్చి ఉన్న ఒక కాగితం చూపించాడు. గళ్ల కాగితం. స్కూల్లో లెక్కలకు వాడే గ్రాఫ్ లాంటిదే. దాని మీద ఏనుగు, చిలుక, డైమండ్లు, అన్నీ గడులు నింపి వేసినవే. వంపు అనేది ఎక్కడా లేదు. ఏనుగు తొండం కూడా మెట్లు మెట్లుగా దిగుతోంది.

ఇక్కత్ సంగతి తెలియని వాళ్లకు రెండు మాటలు. మామూలుగా బట్ట నేశాక అద్దకం వేస్తారు, లేదంటే రంగు దారాలతో మగ్గం మీదే డిజైన్ తీస్తారు. పోచంపల్లిలో అలా కాదు. నేయడానికి ముందే, దారాల దశలోనే, ఏ పోగులో ఏ చోట ఏ రంగు రావాలో లెక్కగట్టి, రంగు అంటకూడని చోట గట్టిగా కట్లు కట్టి రంగులో ముంచుతారు. ఆ కట్టడాన్ని చిటికి అంటారు. తర్వాత నేస్తుంటే బొమ్మ దానంతట అదే తేలుతుంది. రంగు కట్టు కిందికి కొంచెం పాకుతుంది కాబట్టి బొమ్మ అంచు కాస్త చెదిరినట్టు ఉంటుంది. ఆ చెదురే దాని అందం. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

డిజైన్ మధ్యలో మార్చాలంటే ఎలా అని పెద్దాయన్ని అడిగాను. ఆయన నవ్వాడు. "రంగులేసిన్నాడే చీర అయిపోతది బిడ్డా. మగ్గం మీద దాన్ని చెడగొట్టకుంట చూసుకునుడే మా పని." నేను ఆ మాటను మంచి డైలాగ్ అనుకుని ఫోన్లో రాసుకున్నాను. అది నాకే తగులుతుందని అప్పటికి తెలియదు.

తిరిగొచ్చేటప్పుడు కారులోనే బంగారు దారాలు వదిలేశాం. గళ్లు, మెట్లు, చెదిరిన అంచులు, వీటితోనే వీడియో చేద్దామనుకున్నాం. సంఘం కార్యదర్శిని ఒప్పించడానికి మూడు స్టిల్స్, ఒక సాయంత్రం పట్టింది. "మరీ సాదాగా ఉండదు కదా?" అన్నాడాయన. ఆ టెన్షన్ ఆయనకు సభ రోజు దాకా పోలేదు.

తొమ్మిదో రోజు

అప్పటికి 40 సెకన్ల దాకా యానిమేషన్ అయింది. ఫ్రేమ్ సైజు 1920×1080, ఎందుకంటే కొత్త కంపోజిషన్ తెరిస్తే మా చెయ్యి దానంతట అదే అక్కడికి పోతుంది. ఎల్ఈడీ ఆపరేటర్ నంబరు ఆ రోజే దొరికింది. ఫోన్ చేశాను. "అన్నా, ఇరవై బై పది గోడ, పీ3.9" అన్నాడు.

పీ3.9 అంటే చుక్కకూ చుక్కకూ మధ్య దూరం 3.9 మిల్లీమీటర్లు. ఈ రకం ప్యానెల్ సాధారణంగా అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉంటుంది, ఒక్కో దాంట్లో 128×128 చుక్కలు. ఇరవై అడుగులంటే 12 ప్యానెళ్లు, పది అడుగులంటే 6. అంటే గోడ మొత్తం మీద ఉన్నవి 1536×768 చుక్కలు. నేను చేస్తున్నది 16:9, గోడ 2:1. స్క్రీన్‌కు సరిపోయేలా సాగదీస్తే ప్రతి బొమ్మా ఎనిమిదో వంతు లావెక్కుతుంది. సాగదీయకపోతే పక్కల నల్ల పట్టీలు. పోనీ పైనా కిందా కోద్దామంటే ఏనుగు కాళ్లు పోతాయి.

అసలు బాధ ఇంకోటి. 1080 వరసల బొమ్మను 768 వరసల్లోకి కుదిస్తే, నా మెట్ల అంచుల్లో ఏ మెట్టూ పూర్తి చుక్క మీద పడదు. సగం ఇటు, సగం అటు. గడుల మీద కట్టుకున్న డిజైన్ మసకబారిపోతుంది. ఇక్కత్ అంచు చెదరడం వేరు, ఇది చెదరడం వేరు. మొదటిది అందం, రెండోది కంటిపొర వచ్చినట్టు.

ఆపరేటర్ మంచివాడు. మర్నాడు గోడౌన్‌లో నాలుగు ప్యానెళ్లు వెలిగించి చూపిస్తానన్నాడు. ఉప్పల్ వైపు ఒక రేకుల షెడ్డు. పెన్‌డ్రైవ్‌లో టెస్ట్ ఫైళ్లు తీసుకెళ్లాం. ఆ అరగంటలో నేర్చుకున్నది నేను ఏ ట్యుటోరియల్‌లోనూ చూడలేదు.

మొదట కనిపించింది పట్టీలు. నేపథ్యంలో ముదురు నీలి రంగు పైనుంచి కిందికి మెల్లగా తేలికపడేలా పెట్టాను. నీలం విలువ 28 నుంచి 64 దాకా, అంటే మొత్తం 36 అంచెలు. 768 వరసలకు 36 అంచెలంటే ఒక్కో పట్టీ 21 చుక్కలు. నా మానిటర్ మీద అది కనపడలేదు. గోడ మీద ఒక్కో పట్టీ మూడు అంగుళాలకు పైనే, మెట్లబావిలా. పైగా హాలు లోపల వాడేటప్పుడు గోడ వెలుగు బాగా తగ్గించి నడుపుతారు. అప్పుడు చీకటి రంగుల మధ్య ఉన్న కాస్త తేడా కూడా కలిసిపోతుంది.

రెండోది సన్నని గీతలు. ఒక్క చుక్క మందం ఉన్న దారం కదులుతుంటే మిణుకు మిణుకుమంది. రెండు చుక్కలు ఉంటే పర్వాలేదు, మూడైతే బాగుంది. మూడోది, దగ్గరగా ఉన్న గీతల డిజైన్‌ను ఫోన్‌తో తీస్తే నీటి మీద నూనె తెట్టులాంటి అలలు వచ్చాయి. గోడ చుక్కల వరసలు, కెమెరా సెన్సర్ వరసలు ఒకదాన్నొకటి కొట్టుకుంటే ఇలా జరుగుతుంది. సభలో అందరి చేతుల్లోనూ ఫోన్లుంటాయి కాబట్టి ఇది చిన్న సంగతి కాదు.

నాలుగోది కదలిక. నా వీడియో సెకనుకు 25 ఫ్రేములు. ఆపరేటర్ ల్యాప్‌టాప్ సెకనుకు 60 సార్లు తెరను మారుస్తోంది. 60ని 25తో భాగిస్తే 2.4. కొన్ని ఫ్రేములు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు కనిపించి, నెమ్మదిగా జరిగే బొమ్మ కుంటుతోంది. అవుట్‌పుట్‌ను 50కి మార్చమన్నాను. ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండుసార్లు. కుంటడం ఆగింది. నిమిషం కూడా పట్టని ఈ మార్పు తెలియక ఎన్ని ఫంక్షన్లలో మన వీడియోలు కుంటాయో!

నాలుగు చుక్కల గడి

పదో రోజు సాయంత్రం పాత ప్రాజెక్టు మూసేసి కొత్తది తెరిచాం. 1536×768. ఏడుపొచ్చినంత పనైంది కానీ, ఇప్పుడు చేతిలో ఒక మంచి లెక్క ఉంది. నాలుగు చుక్కలు ఒక గడి అనుకుంటే, గోడ 384 గడుల వెడల్పు, 192 గడుల ఎత్తు ఉన్న గ్రాఫ్ కాగితం అవుతుంది. పెద్దాయన గోడ మీదున్న కాగితమే, కాస్త పెద్దది.

నాలుగే ఎందుకంటే ఒక సాంకేతిక కారణం ఉంది. గోడ మీద వీడియో నడపడానికి ఆపరేటర్ వాడే సాఫ్ట్‌వేర్ రిజొల్యూమ్. దానికి నప్పే కోడెక్, అంటే వీడియోను కుదించి దాచే పద్ధతి, డీఎక్స్‌వీ. గ్రాఫిక్స్ కార్డు నేరుగా చదువుకునే పద్ధతి ఇది, బొమ్మను 4×4 చుక్కల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో కొన్ని రంగులు మాత్రమే దాచుకుంటుంది. ఒకే ముక్కలో ఎరుపు, నీలం, తెలుపు ఇరుక్కుంటే మురికి రంగులొస్తాయి. నా గడి అంచులు ఆ ముక్కల అంచుల మీదే పడితే ప్రతి ముక్కలోనూ దాదాపు ఒకటే రంగు ఉంటుంది, తేటగా నిలుస్తుంది. కోడెక్ లోపం డిజైన్‌లో కలిసిపోయింది. ఇలాంటివి దొరికిన రోజు బయట ఇరానీ చాయ్ ఖర్చు నాదే.

దీనికి ఒక మూల్యం ఉంది. గడి నుంచి గడికి దూకాలంటే బొమ్మ నాలుగు చుక్కల చొప్పున కదలాలి. పొజిషన్‌కు చిన్న ఎక్స్‌ప్రెషన్ (ఒక లైను కోడ్) రాసి, ఏ విలువ వచ్చినా దగ్గర్లోని నాలుగు గుణిజానికి చేర్చాం. ఫ్రేముకు నాలుగు చుక్కలంటే సెకనుకు 100 చుక్కలు. అంతకంటే నెమ్మదిగా జరిగేదేదైనా ఆగి ఆగి కదులుతుంది. అంటే మోషన్ గ్రాఫిక్స్‌లో మనకు అలవాటైన మెత్తటి తేలడం, జారడం ఇక్కడ కుదరవు. ఒక పూట దీంతో కొట్టుకున్నాక తమ్ముడే అన్నాడు, "అన్నా, బట్ట ఎక్కడా జారదు కదా. వరస వరసగా పుడుతుంది."

అక్కడి నుంచి వీడియో కుదిరింది. ఏదీ పక్క నుంచి జారి రాదు. అన్నీ కింది నుంచి పైకి పేక (అడ్డ దారం) వరసల్లా పుడతాయి. రికార్డు చేసిన మగ్గం చప్పుడులో నాడె (పేక దారాన్ని అటూ ఇటూ మోసేది) విసరడం, దెబ్బ కొట్టడం కలిపి పెద్దాయన చేతిలో సుమారు 0.8 సెకను పడుతోంది, అంటే 20 ఫ్రేములు. ఒక్కో దెబ్బకు ఒక వరస పుట్టిస్తే 192 వరసలకు రెండున్నర నిమిషాలు దాటుతుంది. అందుకని దెబ్బకు ఆరు వరసలు పెట్టాం. 32 దెబ్బల్లో, 25.6 సెకన్లలో గోడ నిండుతుంది. సంగీతం కూడా ఆ 20 ఫ్రేముల లెక్కకే కట్టించాం. మామూలుగా మేం పాట ముందు తెచ్చుకుని దానికి బొమ్మ కోస్తాం. ఇక్కడ మగ్గం చెప్పిన వేగానికి పాట వచ్చింది.

సంఘం వాళ్లు భూదానం కూడా చూపించమన్నారు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నది అక్కడే కాబట్టి. పాత ఫొటో పెట్టి మెల్లగా జూమ్ చేయడం సులువు, కానీ మా గళ్ల కాగితంలో ఫొటో అతకదు. పదేసి గడులు పది వరసలు, మొత్తం వంద. మట్టి రంగులో ఉన్న వంద చతురస్రాలు దెబ్బ దెబ్బకూ పచ్చగా మారతాయి. కింద తేదీ. నాలుగు సెకన్ల షాట్. సభలో చప్పట్లు పడింది దీనికే.

అంచు చెదురు కోసం మొదట టర్బ్యులెంట్ డిస్‌ప్లేస్ అనే ఎఫెక్ట్ వేశాం, నాలుగు లేయర్ల మీద. చూడ్డానికి బాగానే ఉంది, కానీ ఎక్కడో తేడా కొట్టింది. పోచంపల్లిలో తీసిన ఫొటోలు పెద్దవి చేసి చూస్తే తెలిసింది: రంగు దారం వెంబడే పాకుతుంది. పేక మీద కట్టిన డిజైన్‌లో అడ్డంగా మాత్రమే చెదురుతుంది, నిలువుగా అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. మాది నాలుగు వైపులా చెదురుతోంది, తడి కాగితం మీద సిరా పడ్డట్టు. అది తీసేసి, 50 ఫ్రేముల నాయిస్‌ను (చిందరవందర చుక్కలను) ముందే ఒకసారి రెండర్ చేసి పెట్టుకుని, దాంతో అడ్డంగా మాత్రమే జరిపాం. అదీ ఐదు ఫ్రేములకోసారి మారేలా, లేకపోతే అంచు చీమలు పాకినట్టు ఉంటుంది. ఈ మార్పు బొమ్మ కోసం చేశాం, రెండర్ సమయం కూడా తగ్గింది. ఆ లెక్క కింద వస్తుంది.

నీలి పట్టీల సమస్యకు ప్రాజెక్టును 8 బిట్ నుంచి 16 బిట్‌కు (రంగుకు ఇంకా ఎక్కువ అంచెలు ఉండేలా) మార్చి, పైన ఒకటిన్నర శాతం నాయిస్ చల్లాం. పట్టీలు పోవాలంటే రంగును ఇంకా నున్నగా చేయాలనుకుంటారు చాలామంది. చివరికి తెర చూపించేది ఎలాగూ 8 బిట్టే అయినప్పుడు ఎంత నున్నగా చేసినా లాభం లేదు, కాస్త గరుకు చేస్తేనే పట్టీ అంచు కంటికి దొరకదు. అడుగు నలుపును కూడా కొంచెం పైకి లేపాం.

పోచంపల్లి: నాలుగు అక్షరాలా, తొమ్మిదా?

తెలుగు టైటిల్స్ దగ్గర ప్రతిసారీ ఒక పూట పోతుంది. ఈసారి రెండు పోయాయి.

సన్మానం జరిగే నేత కార్మికుల పేర్ల జాబితా ఒక డీటీపీ షాపు నుంచి వచ్చింది. పాత పద్ధతిలో, యూనికోడ్ కాని ఫాంట్‌లో టైపు చేసింది. మా కంప్యూటర్‌లో తెరిస్తే ఏవో ఇంగ్లిష్ గుర్తులు. కన్వర్టర్‌లో వేస్తే తెలుగు వచ్చింది కానీ అక్కడక్కడా వత్తులు మాయం. ఒక్కో పేరూ ఫోన్లో చదివి వినిపించి సరిచేసుకున్నాం. సన్మానం రోజున పేరు తప్పు పడితే ఆ మనిషి జీవితాంతం గుర్తుపెట్టుకుంటాడు, ఎఫెక్ట్ ఎవరికీ గుర్తుండదు.

మేం యానిమేషన్‌కు వాడే సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్. అప్పటి మా వెర్షన్‌లో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో దక్షిణాసియా లిపుల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాల్సి ఉండేది. మా రెండో కంప్యూటర్‌లో అది మార్చడం మరిచాం, పద్మశాలి అని టైపు చేస్తే పొల్లు విడిగా, మకారం విడిగా పడింది. మార్చి, సాఫ్ట్‌వేర్ మూసి తెరిస్తే సరిపోయింది. అసలు చిక్కు అక్షరాలను ఒక్కొక్కటిగా యానిమేట్ చేసేటప్పుడు వస్తుంది. పోచంపల్లి మన కంటికి నాలుగు అక్షరాలు: పో, చం, ప, ల్లి. యూనికోడ్ లెక్కలో తొమ్మిది గుర్తులు. టెక్స్ట్ యానిమేటర్‌ను క్యారెక్టర్ల వారీగా నడిపితే ఓత్వం ఒక ఫ్రేములో, దాని హల్లు ఇంకో ఫ్రేములో వచ్చే ప్రమాదం ఉంది. పదాల వారీగా అయితే భయం లేదు. మాకు అక్షరం అక్షరం నేసినట్టు రావాలి కాబట్టి, ఇలస్ట్రేటర్‌లో అవుట్‌లైన్లుగా మార్చి, వత్తులూ గుణింతాలూ హల్లుతో కలిపి చేత్తో గ్రూపులు కట్టాం. విసుగు పని. దగ్గరి దారి నాకు దొరకలేదు.

ఫాంట్ విషయంలో నా అభిప్రాయం మారింది. సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత ఫాంట్లలో రామభద్ర నాకు ఇష్టం, లావుగా దర్జాగా ఉంటుంది. కానీ గోడ మీద ల్లి కింద వత్తు సందు పూడుకుపోయి ముద్దలా కనిపించింది. వాటిలోనే ఇంకో ఫాంట్ మండలితో చూస్తే సందులు తెరుచుకున్నాయి. పెద్ద టైటిల్‌కు రామభద్ర ఉంచి, పేర్లన్నీ మండలికి మార్చాం. మానిటర్‌కు దగ్గరగా కూర్చుని చూస్తే ఈ తేడా తెలియదు. కుర్చీ వెనక్కి లాగి, గది అవతలి గోడ దాకా వెళ్లి చూడాలి.

రెండు రాత్రులు

94 సెకన్లు, 25 ఫ్రేముల చొప్పున 2350 ఫ్రేములు. మొదటి పద్ధతిలో ఫ్రేముకు సగటున 14 సెకన్లు పట్టింది. అంటే తొమ్మిది గంటలు దాటుతుంది. చెదురు పద్ధతి మార్చాక ఫ్రేముకు 5 సెకన్లు, మొత్తం మూడుంబావు గంటలు. రాత్రికి ఒక రెండర్ బదులు రెండు చేయొచ్చు. ఫ్రేమ్ సైజు 1536×768కి తగ్గడం కూడా కలిసొచ్చింది, 1080 ఫ్రేములో ఉన్న చుక్కల్లో ఇవి 57 శాతమే. పెద్దది చేస్తే మంచిదనే నమ్మకంతో 4కెలో రెండర్ చేసి గోడకు ఇచ్చే వాళ్లను చూశాను. కరెంటు బిల్లు తప్ప పెరిగేదేం లేదు.

22.0 వెర్షన్ నుంచి ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ఒకేసారి అనేక ఫ్రేములు రెండర్ చేయగలదు. అయితే ఒక్కో ఫ్రేముకూ విడిగా ర్యామ్ కావాలి. మా పాత మెషిన్‌లో 16 కోర్లున్నా ర్యామ్ 32 జీబీయే, సగం కోర్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాయి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీకి వెళ్లి 64 చేశాం. ప్రాసెసర్ మార్చాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఆ అవసరం రాలేదు.

మొదటి రాత్రి పోయింది గాలివాన వల్ల. మే నెల, తెలిసిందే. సాయంత్రం మబ్బు పట్టింది, రాత్రి పదకొండుకు ఈదురుగాలి, కరెంటు పోయింది. యూపీఎస్ పన్నెండు నిమిషాలు మోసి చేతులెత్తేసింది. పాత పద్ధతిలో, తొమ్మిది గంటల రెండర్‌లో, నేరుగా ఎంఓవీ ఫైలుగా పెట్టాను. ఫైల్ సైజు చూస్తే గిగాబైట్లు ఉంది, తెరిస్తే తెరుచుకోదు. ఈ రకం ఫైల్లో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచిక చివర్లో రాయబడుతుంది. చివరి దాకా పోకపోతే ముందున్నదంతా ఉండీ లేనట్టే. ఈ సంగతి నాకు తెలియక కాదు, బద్ధకం. అప్పటి నుంచి 16 బిట్ పీఎన్‌జీ ఫ్రేముల వరసగానే రెండర్ చేస్తున్నాం. కరెంటు పోతే, పోయిన చోటి నుంచి మొదలుపెడతాం. అంతా అయ్యాక వాటిని కలిపి ఏ కోడెక్ కావాలంటే అది తీసుకోవడం నిమిషాల పని.

రెండో రాత్రి పోయింది అతి తెలివి వల్ల. ఫ్రేముల వరసగా రెండర్ చేసేటప్పుడు, ఉన్న ఫైళ్లను వదిలేయమనే ఆప్షన్ పెడితే, రెండు కంప్యూటర్లు ఒకే ఫోల్డర్‌లోకి పంచుకుని రెండర్ చేస్తాయి. ఒకటి చేసిన ఫ్రేమును రెండోది ముట్టుకోదు. పెట్టి ఇంటికెళ్లాను. పొద్దున వచ్చి చూస్తే చివరి పేర్ల దగ్గర అక్షరాలు దయ్యం పట్టినట్టు ఊగుతున్నాయి. ఒక ఫ్రేములో మండలి, తర్వాతి ఫ్రేములో ఇంకేదో ఫాంట్. రెండో మెషిన్‌లో మండలి వేయలేదు. టైటిల్స్ అన్నీ అవుట్‌లైన్లు చేశాం కానీ, పేర్లలో దిద్దుబాట్లు వస్తాయని వాటిని మామూలు టెక్స్ట్‌గానే ఉంచాం. రెండర్ మాత్రం ఫాంట్ లేదని ఆగకుండా తన పని తాను చేసుకుపోయింది. చివరి 14 సెకన్లు, 350 ఫ్రేములు తుడిచేసి మళ్లీ చేశాం.

బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఏడు సెకన్ల షాట్ ఒకటుంది. పడుగు (నిలువు) దారాల మధ్య నుంచి కెమెరా వెళ్తుంది, 175 ఫ్రేములు. శాంపిల్స్ (ఒక్కో చుక్క రంగును ఎన్నిసార్లు లెక్కగట్టాలన్నది) తక్కువ పెట్టి, గరుకును తుడిచే డీనాయిజర్ మీద భారం వేస్తే, ఒక్కో స్టిల్ అద్దంలా ఉంది, కదిలిస్తే దారాలు ఉడుకుతున్నట్టు ఉన్నాయి. ప్రతి ఫ్రేమునూ అది విడిగా శుభ్రం చేయడం వల్ల సన్నని దారం ఒక ఫ్రేములో ఉంటుంది, ఇంకో దాంట్లో సగం మాయమవుతుంది. శాంపిల్స్ 128 నుంచి 512కు పెంచితే కొంత తగ్గింది. దారాల సంఖ్య సగం చేసి లావు పెంచితే పూర్తిగా పోయింది. గోడౌన్‌లో చూసిన మూడు చుక్కల లెక్కే మళ్లీ.

యూట్యూబ్‌కి అంచు కట్టడం

1536×768 వీడియోను యూట్యూబ్‌లో అలాగే పెడితే బాగుండదు. 1440 వరసలు లేదా అంతకంటే పెద్ద సైజులో పెట్టిన వీడియోలకు అక్కడ మెరుగైన కంప్రెషన్ దొరుకుతుంది కాబట్టి 4కె చేయాలనుకున్నాం. 3840కి పెంచితే రెండున్నర రెట్లు, మళ్లీ గడులు చెడతాయి. అందుకని సరిగ్గా రెండు రెట్లు చేసి 3072×1536 తీసుకుని, దాన్ని 4కె ఫ్రేము మధ్యలో పెట్టాం. అటూ ఇటూ 384, పైనా కిందా 312 చుక్కల ఖాళీ మిగిలింది. అందులో చీర అంచు నేశాం. కార్యదర్శి గారు మొట్టమొదటిసారి "ఇది గ్రాండ్‌గా ఉంది" అన్నది దీన్ని చూసే.

రెండు రెట్లలో ఇంకో లాభం ఉంది. ఆన్‌లైన్ వీడియోల్లో రంగును 4:2:0 పద్ధతిలో దాస్తారు. వెలుగు ప్రతి చుక్కకూ ఉంటుంది, రంగు మాత్రం 2×2 చుక్కలకు ఒకటే. నీలం మీద ఎర్రని అంచు పాకినట్టు కనిపించేది అందుకే. నా వీడియోలో పాత చుక్క ఒకటి ఇప్పుడు సరిగ్గా 2×2 అయింది, 384, 312 రెండూ సరిసంఖ్యలే, కాబట్టి రంగు గీత దాటదు. అక్షరాలు మాత్రం గరుకవుతాయని విడిగా మళ్లీ రెండర్ చేశాం, రంగు మీద ఆధారపడకుండా మీగడ తెలుపులో. వాట్సాప్‌కు నిలువుగా 28 సెకన్ల ముక్క కోసి, డాక్యుమెంట్‌గా పంపమని చెప్పాం. ఎవరూ అలా పంపలేదు.

సభ రోజు

మధ్యాహ్నం రెండింటికే హాలుకు వెళ్లాం. ఆపరేటర్ గోడ కట్టి సిద్ధంగా ఉన్నాడు, 72 ప్యానెళ్లు. ఒకటి మాత్రం మిగతా వాటికంటే కాస్త పచ్చగా ఉంది, దాన్ని కింద మూలకు మార్చాడు. అవుట్‌పుట్ 50కి పెట్టించి, వెలుగు తగ్గించి, చివరి వరస కుర్చీల నుంచి ఒకసారి, మొదటి వరస నుంచి ఒకసారి చూశాం. ఇప్పుడు మా కొటేషన్‌లో గోడ పరీక్ష అని విడిగా ఒక లైను ఉంటోంది. ఇప్పటిదాకా బేరమాడిన క్లయింట్లు కూడా ఆ లైనును కొట్టేయలేదు.

వీడియో పడింది. మగ్గం చప్పుడుకు హాలు నిశ్శబ్దమైంది. ఆ జనంలో సగం మందికి అది ఇంటి చప్పుడే. అయిపోయాక భోజనాల దగ్గర పోచంపల్లి పెద్దాయన కనిపించాడు. ఎలా ఉంది తాతా అన్నాను. మంచిగుంది అన్నాడు. ప్లేటు చేతిలో పట్టుకుని కాసేపు ఆగాడు.

"ఏనుగు తొండం కాడ ఎడమ దిక్కు ఒక గడి తక్కువుంది బిడ్డా. కుడి దిక్కు సక్కగుంది."

రాత్రి స్టూడియోకి వచ్చి ఆ ఫ్రేము తెరిచి లెక్కపెట్టాం. కుడివైపు ఏనుగుకు తొండంలో పదకొండు మెట్లు, ఎడమవైపు దానికి పది. నా చేత్తో నేను గీసిందే. సరిచేసి, యూట్యూబ్ వెర్షన్ మళ్లీ రెండర్‌కు పెట్టి, యూపీఎస్ లైటు పచ్చగా ఉందో లేదో చూసుకుని తలుపు వేశాం.